చిన్నపుల్లయ్య ఎంగిలి బుడ్డి

చిన్నపుల్లయ్య ఒక్క ఎండాకాలంలో నలభై ఒక్క నీళ్ల సీసాల ప్రాణం తీశాడు. కువైట్‌లో సులైబియా నుంచి సబ్హాన్ దాకా సీసాలమ్మే ప్రతి అంగడివాడూ అతను వస్తున్నాడని తెలియగానే షట్టరు సగానికి దించి బల్ల కింద దాక్కునేవాడు. ఇది అబద్ధమనేవాళ్లు ఉన్నారు. ఉండనివ్వండి. వాళ్లలో ఒక్కడైనా ఎనభై మూడు ఎండాకాలంలో, సులైబియా పైపుల యార్డులో, పదకొండు గంటల వేళ ఇనుప పైపు భుజాన వేసుకుని నిలబడ్డవాడు కాడు. ఫ్యాను కింద కూర్చుని ఎవరైనా అనుమానించగలరు.

మనిషిని చూస్తే ఏమంత లేడు. రాయచోటి తాలూకాలో ఒక మెట్ట పల్లె. ఎండిన కందికట్టెకు లుంగీ చుట్టినట్టు ఉండేవాడు. నవ్వితే నోరు అరుగుతుందన్నంత పొదుపు. ఏ వస్తువు చేతికిచ్చినా ముందు దాని తప్పు కనిపెట్టేవాడు. బస్సెక్కితే సీటు చూసేవాడు కాదు, సీటు కింద బోల్టు చూసేవాడు. బొంబాయిలో విమానమెక్కి రెక్క మీద రివెట్లు లెక్కబెట్టి, రెండు తక్కువున్నాయని పక్క సీటువాడికి చెప్పాడట. పాపం ఆ పక్కవాడు కువైట్‌లో దిగాక కూడా రెండు రోజులు కళ్లు తెరవలేదు.

అలాంటివాడికి సీసా కావలసి వచ్చింది. సరదాకి కాదు. మార్చి నెలలో ఒక శుక్రవారం పొద్దున, క్యాంపులో బట్టలు ఉతుక్కుంటూ ఉతుక్కుంటూ నడుము పట్టుకుని సబ్బు నురగలోనే పడిపోయాడు. కిడ్నీలో రాయి. ఆస్పత్రిలో డాక్టరు సూది వేసి, ఎండలో పనిచేసేవాడివి రోజుకు నాలుగు లీటర్లు తాగితేనే బతుకుతావని చెప్పి పంపాడు. అది పుల్లయ్య ఒక్కడే వినుంటే సరిపోయేది. కంపెనీ కాగితాల పని చూసే మందూబ్ కూడా విన్నాడు. సెప్టెంబరులో ఇఖామా, అంటే దేశంలో ఉండనిచ్చే కాగితం, కొత్తది చేయించాలి, దానికి ముందు మెడికల్. ఈలోగా మళ్లీ ఒక్కసారి పడిపోయావా, పనికి పనికిరాడని రాసి టిక్కెట్టు చేతిలో పెడతాం, ఖలాస్, అన్నాడు మందూబ్.

ఊళ్లో పుల్లయ్య బావి తవ్విస్తూ ఉన్నాడు. ఇరవై ఏడు అడుగుల దగ్గర బండ పడింది. తూటాలు పెట్టి పేల్చాలి. పేల్చేవాడు ఊరికే పేల్చడు. ఇంకో రెండేళ్లు కువైట్‌లో పైపులు మోస్తే తప్ప ఆ బండ కదలదు. అంటే సెప్టెంబరు దాకా పుల్లయ్య రోజుకు నాలుగు లీటర్లు తాగాలి. తాగకపోతే బావి అక్కడే, బండ అక్కడే, పుల్లయ్య బండ మీద.

యార్డులో నీళ్లు లేవని కాదు. గేటు పక్కన ఒక రేకు డ్రమ్ము, దానికొక కొళాయి. ట్యాంకరువాడు పొద్దున్నే నింపిపోయేవాడు. తొమ్మిదికల్లా ఆ నీళ్లు టీపొడి వేస్తే చాలన్నట్టు ఉండేవి. ఒకరోజు అందులో కోడిగుడ్డు పడేస్తే, పిల్ల బయటికొచ్చి, ఎండను చూసి, మళ్లీ పెంకులోకి దూరి మూతేసుకుందని యార్డులో చెప్పుకునేవాళ్లు. వేడి సంగతి పోనివ్వండి, దూరం చూడండి. పైపుల దొంతర్ల నుంచి గేటు మూడు వందల గజాలు. ఫోర్మన్ పూటకి ఒక్కసారి వదిలేవాడు. రెండోసారి కదిలితే చేతి గడియారం పైకెత్తి చూపించి "యల్లా, యల్లా" అనేవాడు. కాబట్టి నీళ్లు మనిషి దగ్గరే ఉండాలి. కాబట్టి సీసా.

మొదటిది ప్లాస్టిక్. బకాలా కొట్లో షర్బత్తు అయిపోయిన సీసాని కడిగి ఊరికే ఇచ్చారు. ఊరికే వచ్చిందని రెండు రోజులు మురిశాడు. మూడో రోజు మూత తీస్తే టైరు నానబెట్టిన వాసన. ఎండకు దాని నడుం వంగి, పెళ్లిలో అలిగిన మేనత్తలా ఒక పక్కకు తిరిగి కూర్చుంది. మూత బిగిస్తే మర జారిపోయి గుండ్రంగా తిరుగుతూనే ఉండేది. రెండు వారాలకు దాన్ని చెత్తడబ్బాలో పడేస్తూ పుల్లయ్య దానికో మాట కూడా చెప్పాడు: "నువ్వు సీసావా? సీసా వేషమేసినావు, అంతే."

పైపుకు రెండో కొస పట్టేవాడు అచ్చిబాబు. కోనసీమవాడు, రాజోలు అవతల. నూనె పెట్టి దువ్విన జుట్టు, కాలరు లోపల మడిచిన చేతిరుమాలు, నోటి నిండా కాలవలు. నీళ్ల మాట ఎత్తితే చాలు, రెచ్చిపోయేవాడు.

"ఏటండోయ్ పుల్లయ్యగారూ, సీసా కాలం చేసిందటగా! మా ఊళ్లో ఇయ్యన్నీ ఉండవండి. మనిషి నీళ్ల కాడికి ఎల్లక్కర్లేదు, నీళ్లే గుమ్మంలోకి వచ్చి ఏవండీ తాగుతారా అంటాయండి."

"మరి ఆ నీళ్లను వదిలిపెట్టి ఈడికెందుకొచ్చినావు నాయనా? అవి మాట్లాడే మాటలు వినలేకనా?"

"దర్జా కోసం వచ్చామండి. దాహానికి కాదు."

రెండోది గాజు సీసా. దాని చుట్టూ గోనెపట్టా చుట్టి, దబ్బనంతో పుల్లయ్య తానే కుట్టాడు. గోనెను తడిపితే నీళ్లు చల్లగా ఉండేవి. వాసన లేదు, రుచి మారలేదు. యార్డంతా వచ్చి చూసింది. పుల్లయ్య కూడా నవ్వబోయాడని చెబుతారు. పదకొండో రోజున దొంతర మీది నుంచి ఒక పైపు దొర్లి, పక్కనున్న సీసాల జోలికి పోకుండా నేరుగా దాని మీదికే వచ్చింది. గోనె సంచి చెక్కుచెదరలేదు. లోపల మాత్రం కంకర.

"పైపుకి కూడా మీమీద కోపవేనండి," అన్నాడు అచ్చిబాబు.

అన్నవాడు ఊరుకోక మరుసటి వారం ఒక ఫ్లాస్కు కొనుక్కొచ్చాడు. ఎర్రటి ఫ్లాస్కు, దాని మీద పళ్లెమంతేసి గులాబీలు. ఇంటికి పంపడానికి దానితో ఫోటో తీయించుకోవాలని ఆశ. లోపల అద్దం ఉంటుందని, పొద్దున పోసిన ఐసు సాయంత్రానికి కూడా గడ్డకట్టే ఉంటుందని యార్డులో ప్రతివాడి ముందూ మూత తెరిచి చూపించాడు. ఆఖరికి పుల్లయ్య ముందుకు తెచ్చాడు.

పుల్లయ్య దాన్ని చేతిలోకి తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని, అడుగున వేలితో తట్టాడు.

"ఇది పగుల్తాది."

"పగిలేదైతే నేనెందుకు కొంటానండి? కొట్టువాడు ఒట్టేసి చెప్పాడు. ఎంతెత్తు నుంచైనా పడెయ్యండి, చూద్దాం."

"నువ్వే చెప్తాండావు."

"పడెయ్యండీ బాబూ!"

పుల్లయ్య మోకాలెత్తు నుంచి వదిలాడు. ఫ్లాస్కు నిలువునా పడి, నిలువునా నిలబడింది. గులాబీ రేకు కూడా రాలలేదు. అచ్చిబాబు చప్పట్లు కొట్టి దాన్ని ఎత్తాడు. లోపలి నుంచి ఘల్లుమంది. ఎవరో గజ్జెలు కట్టుకుని నడిచినట్టు వినిపించింది. అయినా వాడు దాన్ని పారేయలేదు. మూడు నెలలు ఆ ఫ్లాస్కును భుజాన తగిలించుకుని, నడిచినప్పుడల్లా ఘల్లుఘల్లుమంటూ, లోపల చుక్క నీళ్లు లేకుండా తిరిగాడు. ఫోటో మాత్రం తీయించుకున్నాడు. దర్జా అంటే అది.

నాలుగోది ఐదు లీటర్ల ప్లాస్టిక్ క్యాను. పుల్లయ్య ఆ క్యాన్ని చూసి కొన్నాడు గాని, పక్కనున్న మనుషుల్ని చూడడం మరిచిపోయాడు. జీవితంలో అతను చేసిన ఒకే ఒక్క తెలివితక్కువ పని ఇదే.

మనవాళ్లు నీళ్లు తాగే పద్ధతి తెలిసిందే. చెంబైనా, సీసా అయినా నోటికి జానెడెత్తున పట్టి, తల వెనక్కి వంచి, ధారగా పోసుకుంటారు. పెదవి తగిలితే ఎంగిలి. ఎంగిలి కానంతసేపూ ఆ నీళ్లు ఊరందరివీ. అడగడానికి మొహమాటం ఉండదు, లేదనడానికి నోరు రాదు. పుల్లయ్య క్యాను భుజాన వేసుకుని యార్డులోకి అడుగుపెట్టాడో లేదో, "అన్నా ఒక గుక్క", "పుల్లన్నా ఒక్క చుక్క" అని పన్నెండు నోళ్లు ఆకాశంలోకి తెరుచుకున్నాయి. తొమ్మిదిన్నరకు క్యాను ఖాళీ. ఒక్కొక్కడు గడగడా పోసుకుని, మీసం తుడుచుకుని, నీళ్లు కొంచెం వెచ్చగున్నాయే అని వంక కూడా పెట్టేవాడు. లేదని చెబుదామని పుల్లయ్య రోజూ క్యాంపులోంచి గట్టిగా అనుకునే బయల్దేరేవాడు. దాహమన్నవాడికి నీళ్లు లేవనడం వాళ్ల తాతతండ్రుల నోట రాని మాట. ఇతని నోటా రాలేదు. నెల తిరిగేలోపు ఇంతమంది ఎత్తి దించిన క్యాను పిడి ఊడి చేతికొచ్చింది. అదే రోజు నడుములో ఎక్కడో చిన్నగా చురుక్కుమంది.

ఆ చురుకుతో పుల్లయ్యకు భయం పట్టుకుంది. మర్నాడు శుక్రవారం. లారీ డ్రైవరు మహమ్మద్ గౌస్‌ను తోడు తీసుకుని సంతకు పోయాడు. గౌస్‌ది కడప టౌను, అరబ్బీ గడగడా వచ్చు. పాత సామాన్లు గుట్టలు పోసి అమ్మేచోట ఎడారి నుంచి వచ్చిన ఒక ముసలి బదూ అరబ్బు ముందు మిలిటరీ నీళ్ల బుడ్డి ఒకటి పడి ఉంది. సత్తుది. చుట్టూ మందపాటి కంబళి తొడుగు, మూతకు చిన్న గొలుసు. ఒక పక్క సొట్ట.

పుల్లయ్య దాన్ని వాసన చూశాడు. మూతి లోపల వేలు పెట్టి తిప్పాడు. నీళ్లు పోయించి, బిగించి, తలకిందులుగా పట్టుకుని ఒక బీడీ కాలేంతసేపు నిలబడ్డాడు. తర్వాత మూడుసార్లు నేలకేసి వదిలాడు. ఆఖరికి చెప్పు విప్పి దాని మీద ఎక్కి నిలుచున్నాడు. సంతలో జనం పోగయ్యారు.

"మజ్నూన్!" అని పిచ్చివాణ్ణి చూసినట్టు అరిచాడు బదూ.

"ఏమంటాండాడు?"

"నిన్ను మెచ్చుకుంటాండాడులే పుల్లన్నా. దిగు. నువ్వు బుడ్డి కొంటాండావా, చెల్లెలికి సంబంధం చూస్తాండావా?"

"సంబంధమైతే ఇంత చూడనక్కర్లే. ఆ సొట్ట చూపించి ధర తగ్గించమను."

బదూ దీనారు అడిగినవాడు, ఈ మనిషి ఇంకోసారి దాని మీద ఎక్కుతాడేమోనని సగానికి ఇచ్చేశాడు. తిరిగొస్తూ గౌస్ ఉండబట్టలేక అడిగాడు.

"కొత్తవి తళతళా మెరుస్తాండాయి గదన్నా, సొట్టది ఎందుకు తీసుకుంటివి?"

"కొత్తది ఎట్ల సస్తాదో మనకు తెలీదు. ఇది ఒగసారి పడి బతికినాది. అది సాలు."

మంచి బుడ్డి దొరికింది. నీళ్లు తాగే నోళ్లు మాత్రం పన్నెండూ అలాగే ఉన్నాయి. లీటరున్నర బుడ్డి ఆ నోళ్లకు ఒక పుక్కిలింత. శనివారం పొద్దున పని మొదలయ్యే ముందు అందరూ దొంతర దగ్గర చేరాక, పుల్లయ్య బుడ్డి మూత తీశాడు. అచ్చిబాబు అప్పటికే తల వెనక్కి వంచి ఉన్నాడు. పుల్లయ్య అందరి ముందూ, బుడ్డి మూతిని తన నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి, చప్పరించి మరీ తాగాడు.

యార్డులో క్రేను కూడా ఆగిపోయింది.

"ఛీ ఛీ ఛీ! ఏటండీ ఆ తాగడం, దూడ పొదుగు కుమ్మినట్టు!"

"నా నోరు, నా బుడ్డి. నీకేమి నొప్పి?"

"నొప్పి కాదండి, డోకు వత్తంది."

అచ్చిబాబుకు డోకు వచ్చిందో లేదో గాని, పుల్లయ్యకు నిజంగానే వచ్చింది. పుట్టి ముప్పై నాలుగేళ్లయినా అతను పెదవి తగిలించి చెంబు ఎత్తినవాడు కాడు. దొంతర వెనక్కి పోయి, మూడుసార్లు పుక్కిలించి ఉమ్మేసి, బుడ్డి మూతిని ఇసకతో తోమాడు. అది చాలక మధ్యాహ్నం పొయ్యి దగ్గరి బూడిద తెచ్చి మళ్లీ తోమి కడిగాడు. సత్తు బుడ్డి కాబట్టి తోమితే శుద్ధి. ప్లాస్టిక్కుకు ఆ యోగం లేదు. ఆ తర్వాత ఏనాడూ పెదవి తగిలించలేదు. దాహమైనప్పుడల్లా దొంతర చాటుకు పోయి, అటు తిరిగి, ఎప్పటిలాగే ధారగా పోసుకునేవాడు. ఇది అతనికొక్కడికే తెలుసు.

యార్డుకు తెలిసింది ఒక్కటే, పుల్లయ్య బుడ్డి ఎంగిలిది. పేరే మారిపోయింది. ఎంగిలి పుల్లయ్య అన్నారు. క్యాంపులో అన్నం దగ్గర అతని కంచం ఒక మూలకు జరిపారు. కడప జిల్లావాళ్లయితే మన పరువు తీశాడని రెండు రోజులు మాటలు మానేశారు. మూడో రోజు మాట్లాడింది కూడా తిట్టడానికే. పుల్లయ్యకు చీమ కుట్టినట్టయినా లేదు. అంతమందిలో ఒక్కడైనా తన కిడ్నీ మోస్తాడా, తన బావిలో దిగుతాడా? పొద్దున ఒక బుడ్డి, రెండు విరామాల్లో రెండు బుడ్లు. తడి కంబళిలో నీళ్లు చల్లగా ఉండేవి. నడుములో చురుకు లేదు. మనుషులు దూరమయ్యేకొద్దీ ఆరోగ్యం బాగుపడే మందు ఏ డాక్టరూ రాయలేదు, పుల్లయ్య కనిపెట్టాడు.

జూలై మూడో వారంలో కబ్ద్‌లో ఒక తోటకు పైపులు దింపి రమ్మన్నారు. గౌస్ లారీ, వెనక పైపులు, ముందు సీట్లో పుల్లయ్య, అచ్చిబాబు. అచ్చిబాబు గులాబీల ఫ్లాస్కు వాడి ఒళ్లో ఘల్లుమంటోంది. తోటలో నీళ్లుంటాయి కదా అని వాడేమీ తెచ్చుకోలేదు. తారు రోడ్డు వదిలి ఇసక బాటలో రెండు మైళ్లు పోయారో లేదో, ఇంజను పొగలు కక్కింది. గౌస్ లారీలో ఉన్న నీళ్ల డబ్బా మొత్తం రేడియేటరుకు తాగించాడు. అది తాగి, చల్లబడి, నాలుగు గజాలు ముందుకు పోయి, ఇరుసు దాకా ఇసకలో దిగబడింది. ఆ లారీకున్నంత విశ్వాసం ఎవరికీ ఉండదు.

"అగో, ఆ కనపడే నీళ్ల ట్యాంకే తోట," అన్నాడు గౌస్ తలకు తువ్వాలు చుట్టుకుంటూ. "అరగంటలో ట్రాక్టరు తీసుకొస్తా. మీరు లారీ నీడ దాటొద్దండి."

"బుడ్డి తీస్కపో గౌసూ."

"నీ ఎంగిలి నాకెందుకన్నా. తోటలోనే తాగుతా," అని నవ్వి పోయాడు.

అరగంటన్నది గంటయింది. గంటన్నరయింది. అక్కడ ట్రాక్టరు ఇంకో తోటకు పోయి ఉందని తర్వాత తెలిసింది. లారీ కింద నీడ జానెడు జానెడుగా చక్రాల కిందికి దూరుతోంది. పుల్లయ్యకు పొద్దుటి నుంచే నడుములో ఎడమవైపు మెలిపెడుతోంది. ఆ మెలి అతనికి తెలుసు. ఇప్పుడు కడుపు నిండా తాగితే అణుగుతుంది, తాగకపోతే కింద పడేస్తుంది. ముప్పాతిక బుడ్డి నీళ్లున్నాయి. ఆ ముప్పాతికలో మెడికల్ ఉంది, ఇఖామా ఉంది, ఇరవై ఏడు అడుగుల దగ్గర బండ ఉంది.

పక్కన అచ్చిబాబు మొదట్లో కాలవల గురించి చెప్పాడు. తర్వాత కాలవల మీద వంతెనల గురించి చెప్పాడు. తర్వాత చెప్పడం మానేశాడు. అచ్చిబాబు నోరు మూతపడడం ఎంత ప్రమాదమో పుల్లయ్యకు వెంటనే అర్థమైంది. తిరిగి చూస్తే వాడి ముఖం మీద చెమట లేదు. పెదాలు బెరడు కట్టాయి.

"అచ్చిబాబూ, తాగు."

"వద్దండి."

"సస్తావు."

"చత్తే చచ్చానండి. ఎంగిలి తాగి బతికాడంటే మా ఊళ్లో మా నాన్న ముఖం ఎక్కడ పెట్టుకుంటాడు?"

పుల్లయ్య ఒక క్షణం బుడ్డి మూత మీదే చెయ్యి ఉంచాడు. అడిగాను, వద్దన్నాడు. ఎవరి తప్పూ లేదు. దేవుడు వచ్చి లెక్క అడిగినా ఇదే చెప్పొచ్చు. నీళ్లు తనకే మిగులుతాయి. ఎంగిలి కాదన్న మాట ఒక్కటి నోరు జారిందంటే రేపటి నుంచి మళ్లీ పన్నెండు నోళ్లూ తెరుచుకుంటాయి; సెప్టెంబరు దాకా ఇక ఏ ఎత్తూ పారదు. ఒక మాట చెప్పకుండా కూర్చోవడానికి ఖర్చేముంది?

అచ్చిబాబు లేచి కూర్చుని, ఎదురుగా ఉత్త ఇసక వైపు చెయ్యి ఊపాడు. "ఓయ్ పడవోడా, ఇటు తిప్పు! రేవు ఇక్కడుందిరా!" అని పిలిచాడు.

"రేయ్," అన్నాడు పుల్లయ్య. "ఇది ఎంగిలి కాదురా."

"మీరు చప్పరించడం నా కళ్లారా సూశానండి. సచ్చేవాడితో అబద్ధాలేటండీ!"

"ఆ ఒక్కనాడే. ఆ పూటే ఇసకతో తోమినా, బూడిదతో తోమినా. ఆ పొద్దు నుంచి ఈ పొద్దు దాకా మూతి తగల్లేదు. మీరు తాగకుండా ఉండాలనే ఆ వేషం ఏసినా. మా బావి మీద ఒట్టు."

అచ్చిబాబు కళ్లు చికిలించి చూశాడు. వాడికి నమ్మకం కలగలేదు. పుల్లయ్య తల వెనక్కి వంచి, బుడ్డి మూరెడెత్తున పట్టి, దారంలాంటి ధార ఒక్క గుక్కెడు గొంతులోకి పోసుకున్నాడు. పెదవి కాదు గదా, మీసం వెంట్రుక కూడా తడవలేదు. నెలల తరబడి చాటున చేసిన సాధన అది. రాజోలు అవతల కూడా అలాంటి ధార ఎవరూ చూసి ఉండరు.

అది చూసి అచ్చిబాబుకు మొదట దాహం కాదు, కోపం వచ్చింది.

"అంటే ఇన్నాళ్లూ మమ్మల్నందర్నీ ఎదవల్ని చేశారన్నమాట! మీ కంచం మూలకి జరిపించిన పాపం నాకెందుకండీ అంటగట్టారు?"

"తిట్టేది తర్వాత తిట్టు. నోరు తెరువు."

పుల్లయ్యే పోశాడు. ముందు కొంచెం, తర్వాత కొంచెం. కొంత వాడి తల మీది రుమాలు తడపడానికి పోయింది. అచ్చిబాబు ఇంకా అని సైగ చేసిన ప్రతిసారీ పుల్లయ్య బుడ్డి వంచాడు, వంచిన ప్రతిసారీ లోపలి నీళ్ల చప్పుడు విన్నాడు. ఆఖరికి చప్పుడు లేదు. మూతిలోంచి చూస్తే సొట్ట ఒక్కటే కనబడింది.

గౌస్ ట్రాక్టరుతో వచ్చేసరికి అచ్చిబాబు లేచి కూర్చుని తిడుతున్నాడు. పుల్లయ్య మాత్రం లారీ చక్రానికి వీపు ఆనించి, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని ఉన్నాడు.

రాయి కదిలింది. మర్నాడు పనికి పోకపోతే మందూబ్‌కు తెలుస్తుంది. పుల్లయ్య పళ్లు బిగించి పోయాడు. పైపెత్తేటప్పుడు అచ్చిబాబు తన కొస వదిలి మధ్యకు జరిగి బరువంతా భుజాన వేసుకున్నాడు. పుల్లయ్య ఊరికే రెండో కొస మీద చెయ్యేసి నడిచాడు. దూరం నుంచి చూసే ఫోర్మన్‌కు ఇద్దరూ మోస్తున్నట్టే ఉంది. అంతలో బుడ్డి ఖాళీ అయింది. విరామం లేదు. అచ్చిబాబు ఆ బుడ్డి పట్టుకుని గేటు దగ్గరికి పరిగెత్తాడు. ఫోర్మన్ యల్లా యల్లా అంటూనే ఉన్నాడు.

అప్పుడు యార్డంతా చూసింది. అచ్చిబాబు చేతిలో ఎంగిలి బుడ్డి!

"ఏందబ్బా, నువ్వు గూడా దాన్ని ముడ్తాండావే? ఎంగిలి కాదా ఏమి?" అని అడిగాడు బాలసుబ్బయ్య. పుల్లయ్య పక్క ఊరివాడే, అందరికంటే ముందు నోరు తెరిచేవాడు.

దొంతర దగ్గరి నుంచి పుల్లయ్య మెడ సాచి చూశాడు. అచ్చిబాబు చటుక్కున బుడ్డిని గొలుసు పట్టుకుని, రెండు వేళ్లతో, చచ్చిన ఎలుకను తోక పట్టి తీసుకుపోయినట్టు చెయ్యి చాచి పట్టుకున్నాడు. ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"ఎంగిలంటే నయవేనండి. ఆయన నోట్లో పుండు. డాక్టరు చూసి కుర్చీలోంచి పడిపోయాడంట. కబ్ద్‌లో ఆ బుడ్డి మూత తీత్తే పైనెగిరే కాకి కింద పడిందండి. ఆయన కదల్లేకపోతన్నాడని పుణ్యానికి మోత్తన్నాను. నువ్వో గుక్కెడు తాగుతావేటి?"

బాలసుబ్బయ్య నాలుగడుగులు వెనక్కి వేశాడు. ఆ సాయంత్రం నుంచి క్యాంపులో పుల్లయ్య కంచం మూల నుంచి ఏకంగా గుమ్మం బయటికి పోయింది. అచ్చిబాబు మాత్రం తన కంచం తీసుకుని పోయి ఆ పక్కనే కూర్చున్నాడు. అదేమని అడిగితే, పుండు పెరుగుతోందో లేదో కనిపెడుతున్నానని చెప్పాడు.

రెండు రోజులు వాడు అలా నీళ్లు మోశాడు, పైపులు మోశాడు. మూడో రోజు మధ్యాహ్నం యార్డు వెనక గోడ దగ్గర రాయి పడిపోయింది. తాటికాయంత ఉందని, గోడకు తగిలి గోడ బీటలు వారిందని అచ్చిబాబు ఇప్పటికీ చెబుతాడు. సెప్టెంబరులో మెడికల్ అయింది. మందూబ్ ముఖం చిట్లించుకుంటూనే ఇఖామా పుల్లయ్య చేతిలో పెట్టాడు. ఆ తర్వాత రెండేళ్లకు ఊళ్లో బండ పేలింది. నీళ్లు ఎంత పడ్డాయని అడిగితే పుల్లయ్య పెదవి విరిచి, "తడి తగిలింది" అంటాడు. ఆ తడితో ఏడాదికి రెండు కార్లు వేరుశనగ పండిస్తున్నాడని ఊరివాళ్లు చెప్పాలి గాని అతను చెప్పడు.

నలభై ఒక్క సీసాల కథ కూడా అచ్చిబాబే సులైబియా టీకొట్లో మొదలుపెట్టాడు. చెప్పినప్పుడల్లా అంగళ్లు పెరుగుతాయి, షట్టర్లు పెరుగుతాయి. ఒకసారి పుల్లయ్య పక్కబల్ల మీదే కూర్చుని అంతా విని, టీ గ్లాసు కింద పెట్టి చెప్పాడు:

"నలభై ఒగటి ల్యా, పాడు ల్యా. నాలుగే. దాంట్లో ఫ్లాస్కు నాది కాదు, పడెయ్యమన్నోడు వాడే. రాయి నూకంత ఉండె."